సర్జన్ల పరిశోధనకు ఏ కొలత? హెచ్-ఇండెక్స్, జి-ఇండెక్స్, ఆర్‌సీఆర్‌లలో ఎవరికి ఏది సరిపోతుంది

తిరుపతిలో ఒక మెడికల్ కాలేజీ లైబ్రరీలో పని చేస్తున్నాను. ప్రమోషన్ ఫైళ్లు కదిలే రోజుల్లో ఓపీ, ఆపరేషన్లు అయ్యాక సాయంత్రం పూట సర్జన్లు ఒక్కొక్కరే వచ్చి కూర్చుంటారు. అందరూ అడిగేది ఒకటే, "నా హెచ్-ఇండెక్స్ ఎంతుందో తీసివ్వమ్మా" అని. పేపర్లు ఎన్ని రాశారు, వాటిని ఇతరులు ఎంతగా ఉదహరించారు అనే రెండూ కలిపి ఒక్క అంకెలో చెప్పే కొలత అది. ఆ మధ్య ఒక సీనియర్ సర్జన్ నేనిచ్చిన కాగితం చూసి, "ఏమ్మా, గూగుల్లో నాకు 14 చూపిస్తా ఉంటే నువ్వు 8 అని రాసినావేంది?" అన్నారు. ముప్పై ఏళ్లుగా ఆపరేషన్లు చేస్తున్న మనిషి ఆ కాగితం పట్టుకుని అలా నిలబడి ఉంటే నాకే కష్టంగా అనిపించింది. ఆ రోజు ఆయనకు చెప్పిందీ, తొందరలో చెప్పలేకపోయిందీ కలిపి ఇక్కడ రాస్తున్నాను. రుయాలోనో, స్విమ్స్‌లోనో, బర్డ్‌లోనో, కుప్పం పీఈఎస్‌లోనో ఒక చేత్తో పాఠం చెబుతూ ఇంకో చేత్తో ఆపరేషన్లు చేసే వాళ్లకీ, వాళ్ల ఫైళ్లు చూసే కమిటీ సభ్యులకీ ఇది పనికి రావాలని నా కోరిక.

ముందు ఎక్కడ లెక్కపెడుతున్నారో తేల్చుకోండి

సైటేషన్ అంటే మీ పేపర్‌ను ఇంకొకరు తమ పేపర్లో ఆధారంగా చూపించడం, అంతే. వాటిని లెక్కపెట్టడానికి మనవాళ్లు వాడే డేటాబేస్‌లు ముఖ్యంగా మూడు: గూగుల్ స్కాలర్, స్కోపస్, వెబ్ ఆఫ్ సైన్స్. గూగుల్ స్కాలర్ వల చాలా పెద్దది. థీసిస్, కాన్ఫరెన్స్ పుస్తకం, ప్రీప్రింట్ (జర్నల్లో రాకముందే బయటపెట్టిన పేపర్), ఎవరు నడుపుతున్నారో తెలియని జర్నల్, అన్నిట్లోని సైటేషన్లూ అందులో పడతాయి. స్కోపస్, వెబ్ ఆఫ్ సైన్స్ మాత్రం తాము పరిశీలించి చేర్చుకున్న వాటినే లెక్కలోకి తీసుకుంటాయి. అందుకే ఒకే మనిషికి గూగుల్లో నంబర్ దాదాపు ఎప్పుడూ ఎక్కువ ఉంటుంది, ఇందులో ఎవరి మోసమూ లేదు.

నా సలహా అడిగితే, ఫైల్లో పెట్టేదానికి స్కోపస్ తీసుకోండి. కేంద్రం కాలేజీలకిచ్చే ఎన్ఐఆర్ఎఫ్ ర్యాంకులకు కూడా పేపర్ల లెక్క స్కోపస్, వెబ్ ఆఫ్ సైన్స్‌ల నుంచే తీస్తారు కాబట్టి కాలేజీకీ మీకూ లెక్క ఒకటే అవుతుంది. పైగా స్కోపస్‌లో రచయిత పేజీ, అందులోని హెచ్-ఇండెక్స్ చందా కట్టకుండానే చూడొచ్చు. గూగుల్ స్కాలర్‌ను మీకోసం మీరు వాడుకోండి, మీ పేపర్‌ను కొత్తగా ఎవరు ఉదహరించారో తెలుసుకోవడానికి దాన్ని మించింది లేదు. ఒకరి గూగుల్ నంబర్‌ను ఇంకొకరి స్కోపస్ నంబర్ పక్కన పెట్టి పోల్చడం మాత్రం ఎప్పుడూ చేయొద్దు. ఇంటర్వ్యూల్లో ఇది జరుగుతూ ఉంటుంది. ఎవరి బయోడేటాలోనూ నంబర్ ఎక్కడి నుంచి తీశారో రాసి ఉండదు, ఎక్కువ ఉన్నవాడే గొప్ప అనుకుని వదిలేస్తారు.

మన పేర్ల చిక్కు

ఇది మన దగ్గర ఉన్నంతగా ఇంకెక్కడా ఉండదేమో. తిరుపతి చుట్టుపక్కల పుట్టిన వాళ్లలో సగం మంది స్వామివారి పేరో అమ్మవారి పేరో పెట్టుకున్న వాళ్లే. వెంకటేశ్వర్లు, వెంకటేశ్, శ్రీనివాసులు, బాలాజీ, పద్మావతి. దాని వెనక రెడ్డి, నాయుడు, రావు. ముందు ఇంటిపేరు ఒక్క అక్షరంగా ఉంటుంది. విదేశీ జర్నల్ చివరి మాటను ఇంటిపేరు అనుకుని "రెడ్డి" కింద వేస్తుంది, ఇంకో జర్నల్ అసలు ఇంటిపేరును పూర్తిగా విప్పి రాస్తుంది, మూడోదాంట్లో శ్రీనివాసులు కాస్తా శ్రీనివాస్ అయిపోతాడు. ఇంగ్లిష్ స్పెల్లింగ్‌లో 'శ' దగ్గర ఒక అక్షరం ఎక్కువో తక్కువో అయినా కంప్యూటర్‌కు వేరే మనిషే. పెళ్లయ్యాక పేరు మార్చుకున్న లేడీ డాక్టర్ల సంగతి ఇంకా కష్టం, పీజీలో రాసిన పేపర్లన్నీ పుట్టింటి పేరు మీదే ఉండిపోతాయి.

దీనివల్ల ఒక మనిషి పేపర్లు రెండు మూడు ప్రొఫైళ్లుగా చీలిపోతాయి, ఒక్కో ప్రొఫైల్‌లో హెచ్-ఇండెక్స్ చిన్నగా కనిపిస్తుంది. లేదా ఇద్దరు మనుషుల పేపర్లు ఒకే చోట కలిసిపోతాయి. నేను పైన చెప్పిన సార్ విషయంలో రెండూ జరిగాయి. పేపర్లు వాటంతట అవే చేరే సెట్టింగ్ పెట్టుకుని మళ్లీ ఎప్పుడూ తెరిచి చూసుకోలేదు కాబట్టి, గూగుల్ ప్రొఫైల్‌లో వేరుశనగ తెగుళ్ల మీద అదే పేరున్న ఇంకొకాయన రాసిన పేపర్లు వచ్చి కూర్చున్నాయి. స్కోపస్‌లో ఆయన సొంత పేపర్లే పదకొండు వేరే స్పెల్లింగ్ కింద ఒంటరిగా పడి ఉన్నాయి.

అందుకని ఏ కొలత వాడాలా అని ఆలోచించే ముందు ఒక సాయంత్రం కూర్చుని మీ పేపర్ల జాబితా మీరే రాసుకోండి, స్కోపస్‌లో మీ పేరు ఎన్ని రకాలుగా ఉందో వెతకండి, చీలిపోయిన ప్రొఫైళ్లను కలపమని అక్కడే అభ్యర్థన పెట్టండి. ఆర్కిడ్ నంబర్ తీసుకోండి, పరిశోధకులకిచ్చే గుర్తింపు నంబర్ అది. 2012 నుంచి ఉన్నది, పదహారు అంకెలు, డబ్బు కట్టక్కర్లేదు, పేరు ఎలా రాసినా ఆ నంబర్ మీదే. పీజీల చేత అయితే మొదటి పేపర్ పంపేముందే తీయించండి.

హెచ్, జి, ఐ10, ఎమ్: ఇద్దరు సర్జన్లతో పోల్చి చూద్దాం

హెచ్-ఇండెక్స్‌ను 2005లో జార్జ్ హిర్ష్ అనే భౌతిక శాస్త్రవేత్త ప్రతిపాదించాడు. మీ పేపర్లను సైటేషన్లు ఎక్కువ ఉన్నదాని నుంచి తక్కువ ఉన్నదాని దాకా వరుసగా పేర్చి, ఒకటి రెండు మూడు అని లెక్కపెడుతూ పోండి. వరుస నంబర్ కంటే సైటేషన్లు తగ్గిపోయే చోట ఆగండి, దానికి ముందు నంబరే మీ హెచ్. అంటే హెచ్ 6 అయితే, కనీసం 6 సైటేషన్లు ఉన్న పేపర్లు మీకు 6 ఉన్నాయని అర్థం. జి-ఇండెక్స్ 2006లో లియో ఎగ్గే తెచ్చింది. పైనున్న పేపర్ల సైటేషన్లన్నీ కూడితే, ఆ పేపర్ల సంఖ్య వర్గానికి (సంఖ్యను దానితోనే గుణిస్తే వచ్చేదానికి) తగ్గకుండా ఎంతదాకా ఉంటుందో చూస్తుంది. ఐ10 గూగుల్ స్కాలర్ వాడేది, 10 లేదా అంతకంటే ఎక్కువ సైటేషన్లున్న పేపర్లు ఎన్ని అని, అంతే. ఎమ్-కోషెంట్ అంటే హెచ్‌ను మీ మొదటి పేపర్ నుంచి గడిచిన ఏళ్లతో భాగించడం.

ఇలా చెబితే ఎవరికీ పట్టదు, కాబట్టి నేను ఊహించి వేసిన లెక్క ఒకటి చూడండి. మొదటి సర్జన్ పేపర్లు రాయడం మొదలుపెట్టి 20 ఏళ్లు, పేపర్లు 18. సైటేషన్లు వరుసగా 140, 22, 15, 11, 9, 7, 6, 4, 2, 1, మిగతా ఎనిమిదింటికీ సున్నా. రెండో సర్జన్‌కు 8 ఏళ్లు, పేపర్లు 14. సైటేషన్లు 18, 16, 13, 12, 10, 9, 8, 8, 5, 4, 3, 2, 1, 0.

మొత్తం సైటేషన్లు చూస్తే మొదటాయనకు 217, రెండో ఆయనకు 109. మొదటాయనే రెట్టింపు. హెచ్ చూస్తే మొదటాయనకు 6, రెండో ఆయనకు 8. తారుమారైంది. జి చూస్తే 14, 10, మళ్లీ మొదటాయన ముందుకు వచ్చాడు. ఐ10లో 4, 5. ఎమ్‌లో 0.3, 1.0, ఇక్కడ చిన్నాయన చాలా ముందున్నాడు. అదే ఇద్దరు మనుషులు, అవే పేపర్లు. కమిటీ ఏ కొలత ఎంచుకుంటే, అందులో ముందున్న వాళ్లకు పోస్టు వెళ్తుంది. అందుకే దరఖాస్తులు తెరిచాక కాకుండా, తెరవకముందే ఏ కొలత వాడతారో రాసి పెట్టుకోవాలని నేను గట్టిగా అంటాను.

ఇప్పుడు మొదటాయన పైనున్న ఆ 140 సైటేషన్ల పేపర్‌ను తీసేసి చూడండి. మొత్తం 217 నుంచి 77కు పడిపోతుంది. జి 14 నుంచి 8 అవుతుంది. హెచ్ మాత్రం 6 దగ్గర కదలకుండా నిలబడుతుంది. హెచ్‌కున్న బలమూ ఇదే, లోపమూ ఇదే. ఒక్క పేపర్ అదృష్టం కొద్దీ పేలితే దానికి లొంగదు, కానీ నిజంగానే వైద్యం చేసే పద్ధతిని మార్చిన గొప్ప పేపర్ ఒకటి రాసినా దానికి విలువ కట్టదు.

మరి ఆ 140 గొప్ప పేపరా, అదృష్టమా? అది తెలియాలంటే పేపర్ తెరిచి రచయితల పేర్లు చదవాలి. సర్జరీలో ఇది చాలా ముఖ్యం, ఎందుకంటే ఈ పదేళ్లలో వందల ఆసుపత్రులు కలిసి చేసే అధ్యయనాలు బాగా పెరిగాయి. కోవిడ్ కాలంలో కోవిడ్‌సర్జ్ అనే బృందం 2021లో బ్రిటిష్ జర్నల్ ఆఫ్ సర్జరీలో ప్రచురించిన ఒక పేపర్‌కు 15,025 మంది రచయితలు. గిన్నిస్ రికార్డు అది. ఆ పని విలువైనదే, చిన్న ఊళ్ల ఆసుపత్రుల డేటా కూడా అందులోకి రావడం నాకు సంతోషం కూడా. కానీ అందులో పది మంది రోగుల వివరాలు నింపిన వారికీ, అధ్యయనాన్ని మొదటి నుంచి తలకెత్తుకున్న వారికీ హెచ్-ఇండెక్స్ ఒకే సైటేషన్ వేస్తుంది. ఇలాంటి పేపర్లు మీ జాబితాలో ఉంటే వాటిని విడిగా చూపించండి, దాచొద్దు, కలిపేయొద్దు.

ఏటా మన జిల్లా పేపర్లలో "స్టాన్‌ఫర్డ్ 2 శాతం జాబితాలో మన ప్రొఫెసర్" అని వార్త వస్తుంది కదా, ఆ జాబితా వెనకున్న కొలత ఈ లోపాన్నే సరిచేయాలని చూస్తుంది. జాన్ అయోనిడిస్ బృందం స్కోపస్ డేటాతో చేసేది అది. మొత్తం సైటేషన్లు, హెచ్‌తో పాటు సహ రచయితల సంఖ్యను బట్టి సర్దిన ఇంకో సూచికనూ, రచయితల వరుసలో ఒంటరిగానో మొదటి స్థానంలోనో చివరి స్థానంలోనో ఉన్న పేపర్లకు వచ్చిన సైటేషన్లనూ కలిపి మార్కు వేస్తుంది. మొత్తం కెరీర్‌కు ఒక జాబితా, ఒక్క ఏడాదికి ఒక జాబితా, రెండు వేరు. వార్త చదివేటప్పుడు ఏదో చూసుకోండి.

వేరే వేరే విభాగాలను పోల్చాల్సి వస్తే

ఒకే పోస్టుకో ఒకే అవార్డుకో న్యూరో సర్జన్, పిల్లల సర్జన్, ఎముకల డాక్టర్ ముగ్గురూ పోటీ పడితే హెచ్-ఇండెక్స్ పక్కన పెట్టేయండి. తోతాపురి టన్నుల లెక్కన గుజ్జు ఫ్యాక్టరీకి పోతుంది, బంగినపల్లి కాయను చూసి ధర కడతారు, రెండు తోటల ఆదాయాన్ని టన్నుల్లో పోల్చే రైతు చిత్తూరులో ఎవరూ ఉండరు. విభాగాలూ అంతే. కొన్నింట్లో పేపర్లు రాసేవాళ్లే వేలమంది, ఒకరినొకరు ఉదహరించుకుంటారు. పిల్లల సర్జరీలో పుట్టుకతో వచ్చే ఒక అరుదైన లోపం మీద రాస్తే చదివేవాళ్లే కొద్దిమంది. పాము కాటుకు కుళ్లిన కాలును కాపాడే సర్జరీ మన రైతులకు ప్రాణమంత ముఖ్యం, కానీ ఆ సమస్య లేని దేశాల్లో ఆ పేపర్ ఎవరూ తెరవరు.

దీనికి నేను చెప్పేవి రెండు. ఒకటి స్కోపస్ వైపు నుంచి వచ్చే ఎఫ్‌డబ్ల్యూసీఐ. అదే విషయంలో, అదే ఏడాదిలో, అదే రకం పేపర్లకు ప్రపంచ సగటు 1 అనుకుంటే మీది ఎంత అని చెబుతుంది. రెండోది ఆర్‌సీఆర్, అమెరికా ప్రభుత్వ వైద్య పరిశోధన సంస్థ ఎన్ఐహెచ్ వాళ్లు తయారుచేసిన కొలత, పద్ధతిని వివరించే పేపర్ 2016లో వచ్చింది. మీ పేపర్‌తో కలిపి ఇంకా ఏ పేపర్లను ఉదహరిస్తున్నారో చూసి, దాన్ని బట్టి మీ విభాగం ఏదో అదే తేల్చుకుంటుంది. ఎన్ఐహెచ్ డబ్బుతో వచ్చిన పేపర్లలో సరిగ్గా మధ్యన ఉన్నదానికి 1.0. మీ పేపర్‌కు 2.0 వచ్చిందంటే మీ విభాగంలోని ఆ మధ్య పేపర్‌కు ఏటా వచ్చే సైటేషన్లకు రెట్టింపు వస్తున్నాయన్నమాట.

నేను ఆర్‌సీఆర్ వైపే మొగ్గుతాను. ఐసైట్ అనే వెబ్‌సైట్లో డబ్బు లేకుండా దొరుకుతుంది, పబ్‌మెడ్ (వైద్య పేపర్ల ఉచిత జాబితా) నంబర్లు వేస్తే చాలు, రెండు నిమిషాల్లో పట్టిక వస్తుంది. దానికంటే సర్జన్లకు నచ్చే విషయం ఇంకొకటుంది, మీ పేపర్‌ను ఉదహరించిన వాటిలో క్లినికల్ పేపర్లు ఎన్నో విడిగా చూపిస్తుంది. మీరు రాసింది వేరే ఊరి సర్జన్ల చేతుల్లోకి వెళ్లిందా లేదా అనేదానికి నాకు తెలిసినంతలో ఇదే దగ్గరి ఆనవాలు. ఇబ్బందులూ ఉన్నాయి. పబ్‌మెడ్‌లో లేని జర్నల్లో రాసిన పేపర్‌కు ఆర్‌సీఆరే రాదు, మన దగ్గర అలాంటి పేపర్లు తక్కువేం కాదు. కొత్త పేపర్లకు వచ్చే అంకె తాత్కాలికం. పోల్చేది కూడా అమెరికా నిధులున్న పరిశోధనతో, రెండు టేబుళ్ల మధ్య పరుగులు పెట్టే మన సర్జన్‌కు ఆ డబ్బూ ఆ సమయమూ ఎక్కడివి? అందుకని ఆర్‌సీఆర్ 0.8 ఉన్న మన పేపర్‌ను చూసి తక్కువ అని పెదవి విరిచే వాళ్లంటే నాకు కోపం వస్తుంది.

కుర్ర సర్జన్లకు, మధ్యలో ఆగిన వాళ్లకు

వయసు తేడా ఉన్నవాళ్లను పోల్చేటప్పుడు ఎమ్-కోషెంట్ మంచిదే, ఎందుకంటే హెచ్ ఎప్పటికీ తగ్గదు, పదేళ్లుగా ఒక్క అక్షరం రాయకపోయినా పాత పేపర్ల మీద పెరుగుతూనే ఉంటుంది. కానీ ఎమ్ గడియారం మొదటి పేపర్‌తో మొదలై ఎక్కడా ఆగదు. హౌస్ సర్జన్‌గా ఉన్నప్పుడు ఒక కేస్ రిపోర్టులో పేరు వేయించుకున్న అమ్మాయికి, ఆ తర్వాత పెళ్లి, పిల్లలు, మారుమూల పీహెచ్‌సీలో ఉద్యోగం, మళ్లీ పీజీ, ఇలా ఏడేళ్లు గడిస్తే ఆ ఏడూ భాగహారంలో పడతాయి. నేను చూసిన ఒక మేడమ్‌కు ఇలాగే అయింది, ఆమె కంటే తక్కువ పని చేసినవాళ్ల కింద ఆమె పేరు వచ్చింది. ఇలాంటి వాళ్లకు మొదటి పేపర్ నుంచి కాకుండా ఫ్యాకల్టీగా చేరిన ఏడాది నుంచి లెక్కపెట్టండి, లేదా గత అయిదేళ్ల పని మాత్రమే చూడండి. ఎలా లెక్కించారో ఒక వాక్యంలో రాయండి, చాలు.

ఇంపాక్ట్ ఫ్యాక్టర్ సంగతి త్వరగా చెప్పేస్తాను. అది జర్నల్ కొలత, మనిషి కొలత కాదు. గడిచిన రెండేళ్లలో ఒక జర్నల్ వేసిన పేపర్లకు ఈ ఏడాది సగటున ఎన్ని సైటేషన్లు వచ్చాయో చెబుతుంది. మనుషుల్ని తూచడానికి దాన్ని వాడొద్దని 2012లో శాన్‌ఫ్రాన్సిస్కోలో మొదలైన డోరా ప్రకటన స్పష్టంగా చెప్పింది. ఇంకో జాగ్రత్త, అసలు ఇంపాక్ట్ ఫ్యాక్టర్ ఇచ్చేది క్లారివేట్ అనే కంపెనీ ఒక్కటే, ఇంకే పేరుతో కనిపించినా ఆ జర్నల్‌కు డబ్బు కట్టే ముందు లైబ్రరీలో ఒక్కమాట అడగండి.

మరి మీరు ఏది ఎంచుకోవాలి?

అసిస్టెంట్ నుంచి అసోసియేట్, అక్కడి నుంచి ప్రొఫెసర్ కావడమే మీ పని అయితే ఈ సూచికల గురించి టెన్షన్ పడొద్దు. జాతీయ వైద్య కమిషన్ (ఎన్ఎంసీ) 2022 నాటి అధ్యాపక అర్హతల నిబంధనల్లో హెచ్-ఇండెక్స్ ఇంత ఉండాలని లేదు. ఏ ఇండెక్స్‌లో ఉన్న జర్నల్, ఏ రకం పేపర్, మొదటి ముగ్గురిలో గానీ కరస్పాండింగ్ ఆథర్‌గా (జర్నల్‌తో ఉత్తరప్రత్యుత్తరాలు నడిపే రచయితగా) గానీ మీ పేరుందా అని చూశారు. 2025లో కొత్త నిబంధనలు వచ్చాయి కాబట్టి తాజా ప్రతిని దగ్గర పెట్టుకుని మీ పేపర్లను ఒక్కొక్కటే దానితో సరిచూసుకోండి. ఒకే విభాగంలో, ఇంచుమించు ఒకే సీనియారిటీ ఉన్నవాళ్లను పోల్చాలంటే స్కోపస్ హెచ్ చాలు, పక్కన మొదటి స్థానంలోనూ చివరి స్థానంలోనూ ఉన్న పేపర్ల సంఖ్య వేయండి. సొంత పేపర్లను తామే ఉదహరించుకున్నవి తీసేసిన నంబర్ కూడా స్కోపస్ ఇస్తుంది. అది బాగా పడిపోతే అడగాల్సిందే, కానీ అయిదేళ్ల ఫాలో అప్ రాసే సర్జన్ తన మొదటి పేపర్‌ను ఉదహరించడం సహజమని కూడా గుర్తుంచుకోండి. వేరే విభాగాల మధ్య అయితే ఆర్‌సీఆర్. ఒకటి రెండు పెద్ద పేపర్లున్న మనిషిని చూపించాలంటే జి. ఐ10 ఒక్కదాని మీద మాత్రం ఏ నిర్ణయమూ తీసుకోవద్దు, 10 అనే గీతకూ సర్జరీకీ ఏ సంబంధమూ లేదు.

ఏ నంబరైనా దాని పక్కన మూడు విషయాలు లేకపోతే నేను సంతకం పెట్టను: ఏ డేటాబేస్, ఏ తేదీన, ఏయే పేర్లతో వెతికాం. రాత్రి రెండు గంటలకు పేగు మెలిపడిన పిల్లాడిని బతికించినదీ, పీజీ చేయి పట్టుకుని మొదటి కుట్టు వేయించినదీ ఈ కాగితంలోకి రావని నాకు తెలుసు. వాటికి ఆపరేషన్ రిజిస్టరూ పీజీల లాగ్‌బుక్కులూ ఉన్నాయి, కమిటీలు వాటిని కూడా తెప్పించుకుని చూడాలి.

ఆ సీనియర్ సార్ కాగితం చివరికి ఇలా తయారైంది. చీలిపోయిన ప్రొఫైళ్లు కలిశాక స్కోపస్‌లో 8 కాస్తా 11 అయింది, గూగుల్లో వేరుశనగ పేపర్లు తీసేశాక 14 కాస్తా 13 అయింది. కింద ఆయనే ఎంచుకున్న మూడు పేపర్లు, వాటి ఆర్‌సీఆర్, క్లినికల్ సైటేషన్ల సంఖ్య. ఆయన పైనుంచి కింద దాకా రెండుసార్లు చదివి, తేదీ కింద సంతకం పెట్టి, మర్నాడు తన పీజీలిద్దరినీ ఆర్కిడ్ నంబర్లు తీయించుకోమని నా దగ్గరికి పంపించారు.